కుందేళ్లు ఖాళీ చేసిన లేఅవుట్

ప్లాట్ల వ్యాపారంలోకి దిగిననాడు నా చేతిలో ఉన్నవి ఒక స్కూటరు, మడతల దగ్గర చిరిగిన లేఅవుట్ మ్యాపు, గోపన్‌పల్లి అవతల బండల మధ్య లెక్కలేనన్ని కుందేళ్లు. స్కూటరు మా బావమరిదిది. మ్యాపులో పార్కున్న చోట నేలమీద గుట్ట ఉంది. కల్తీ లేనివి కుందేళ్లొక్కటే!

అందుకే ఘంటాపథంగా చెబుతున్నాను: సైబరాబాదును కట్టింది కంప్యూటర్లు కాదు, కుందేళ్లు!

నవ్వకండి. మాదాపూర్‌లో ఆ గుండ్రటి అద్దాల బిల్డింగు లేచిన కొత్తలో, దాన్ని చూసి నా దగ్గర ప్లాటు కొన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా? నా లేఅవుట్‌లోంచి అది కనిపించేదే కాదు. కుందేలు కనిపించేది.

ఆదివారం వస్తే కూకట్‌పల్లి నుంచి కస్టమర్లను తీసుకొచ్చేవాణ్ణి. బండలూ తంగేడు పొదలూ చూడగానే వాళ్ల మొహాలు వాడిపోయేవి. అప్పుడు అక్కడ మేకలు కాసుకునే రామన్న ఓ పొదలోకి రాయి విసిరేవాడు. సర్రున కుందేలు లేచి, చెవులు నిక్కించి పరుగు! "అబ్బ, ఎంత నేచర్ అండీ!" అంటూ పెద్దవాళ్లు పిల్లలైపోయేవారు.

ఇంత మంచి సేల్స్‌మన్ ఏ మల్టీనేషనల్ కంపెనీకైనా దొరికాడా? కమీషన్ అడగడు, టై కట్టడు, కస్టమర్‌కి అబద్ధం చెప్పడు. ఆ చివరి పని నేను చూసుకునేవాణ్ణి.

ఇందులో నా స్వార్థమూ ఉంది. మంచి ప్లాటొకటి నాకే ఉంచుకుని ఇల్లు మొదలుపెట్టాను. మా ఆవిడ పుణ్యవతి ఒకటే షరతు పెట్టింది.

"గోడ మీంచి పలకరించడానికి పక్కింటావిడ ఉంటేనే వస్తాను. లేకపోతే ఆ బండలతో మీరే కాపురం చేసుకోండి."

కాబట్టి పక్క ప్లాటు ఎవరికి పడితే వారికి అమ్మడానికి లేదు. వెతికి వెతికి కరెంటాఫీసు భీమేశ్వరరావు గారినీ, ఆయన భార్య భ్రమరాంబ గారినీ పట్టాను. ఆవిడ మంచి మాటకారి. ఆవకాయ పెడితే వీధంతా పంచే మనిషి. పక్కింటావిడగా ఉండటానికే పుట్టినట్టుంటారు!

మొదటిసారి వచ్చినప్పుడు రామన్న రాయి గురి తప్పి, కుందేలు సరాసరి ఆవిడకే ఎదురొచ్చింది. ఆవిడ అక్కడే ఆగిపోయారు.

"కుందేలు ఎదురైతే వెళ్లిన పని కాదంటారు కదా అన్నయ్యగారూ?"

"అది ప్రయాణాలకి చెల్లెమ్మా, స్థలాలకి కాదు! కుందేలు కుక్కని తరిమిన చోట మహానగరాలు వెలిశాయని మన పెద్దవాళ్లు చెప్పలేదూ?"

"అయితే వచ్చే ఆదివారం తరిమించండి. చూసి కొంటాం," అన్నారావిడ చల్లగా.

నేను వ్యాపారిని. కస్టమర్ అడిగింది లేదనను. రామన్న కుక్కను మాట్లాడాను. సైటు నీట్‌గా ఉంటే ఆవిడ మురిసిపోతారని డోజర్ పెట్టి పొదలన్నీ చదును చేయించాను. హద్దురాళ్లకు సున్నం కొట్టించాను. ఎంత తెలివో చూడండి! దుకాణం ఊడ్పించే హడావిడిలో సరుకంతా చెత్తలో పారబోసిన వ్యాపారి ఇంకెవరైనా ఉన్నారా?

ఆదివారం కుక్క వచ్చింది. కస్టమర్లు వచ్చారు. కుందేలు రాలేదు.

రామన్నను పక్కకు పిలిచి ఏమైందని గొణిగాను. వాడు గొంతు తగ్గించకుండానే జవాబిచ్చాడు.

"పొదలన్ని లేపేస్తివి, ఇగ చెవులపిల్లి యాడుంటది సేఠ్? నీ మ్యాపుల దానికేమన్న ప్లాటు పెట్టినవా?"

భ్రమరాంబ గారు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. "ఏదండీ కుందేలు?"

నా నోటికి ఏ దేవతా అడ్డుపడలేదు. "ఖాళీ చేసింది చెల్లెమ్మా! డెవలప్‌మెంట్ వస్తుంటే మనకంటే ముందు వాటికే తెలుస్తుంది. కుందేళ్లు ఖాళీ చేశాయంటే ఏడాదిలో రేట్లు డబుల్!"

ఆవిడ గిరుక్కున భర్త వైపు తిరిగారు. "చూస్తారేంటండీ? నలుగురికీ తెలిసేలోపు రాయించుకోండి!"

చూశారా పాఠకులారా! ఉంటే నేచర్, పోతే డెవలప్‌మెంట్. ఉన్నా లేకపోయినా అమ్ముడుపోయే సరుకు ఇంకోటి చూపించండి! ఆ ఒక్క మాటతో మిగిలిన ప్లాట్లన్నీ దసరాలోపే అయిపోయాయి. మేము గృహప్రవేశం చేశాం. మాట్లాడుకోవడానికి వీలుగా పుణ్యవతి ప్రహరీ గోడ పొట్టిగా కట్టించింది.

ఏడాది తిరిగినా గోడ అవతల ఒక్క ఇటుక పడలేదు. ఫోన్ చేస్తే భ్రమరాంబ గారు ఆశ్చర్యపోయారు.

"అక్కడ ఉండటమేంటి అన్నయ్యగారూ? ఇన్వెస్ట్‌మెంట్ కదా! మీరెలాగూ ఉన్నారుగా, ఎవరూ కబ్జా చెయ్యకుండా కాస్త చూస్తుండండి."

ఆవిడొక్కరే కాదు, లేఅవుట్ మొత్తం ఇదే మాట!

మొన్న ఆదివారం ఆవిడ నిజాంపేట వాళ్లెవరినో కారులో వెంటబెట్టుకొచ్చారు. ప్లాటు అమ్మకానికి పెట్టారట. దిగినవాళ్లు చుట్టూ చూసి పెదవి విరిచారు.

"ఇక్కడ మనుషులుంటారాండీ?"

సరిగ్గా అప్పుడే పుణ్యవతి తడిబట్టలు ఆరేయడానికి బయటికొచ్చింది.

"అదుగో! అదుగో చూశారా!" భ్రమరాంబ గారు చెయ్యి చాపి చూపించారు. "ఫ్యామిలీలు ఉంటున్నాయి!"

వాళ్ల మొహాలు వెలిగిపోయాయి. పిల్లలు వేళ్లమీద నిక్కి మరీ చూశారు. పుణ్యవతి బట్టలు అక్కడే వదిలేసి, సంబరంగా లోపలికి పరిగెత్తి టీ పెట్టింది. గ్లాసులు ట్రేలో పెట్టుకుని వచ్చేసరికి కారు లేదు. బేరం కుదిరిపోయింది మరి, ఇంకా ఎందుకుంటారు?

ఇంతకీ ఈ వ్యాపారంలో నాకు మిగిలిందేమిటంటారా? సొంతిల్లు మిగిలింది. మంచి గాలి మిగిలింది. కనుచూపు మేర యజమానులే. ట్రే నా ముందు పెట్టేసి పుణ్యవతి తడిబట్టల దగ్గరికి వెళ్లిపోయింది కాబట్టి, ఆ టీ అంతా కూడా నాకే మిగిలింది.