పాత సినిమాలో ప్రకటనలు వర్ధిల్లాలి!

పాత సినిమా మధ్యలో ప్రకటనలు వేసే టీవీ వాళ్లని తిట్టేవాళ్లు కృతఘ్నులు. నేనైతే వాళ్లకి శాలువా కప్పుదామనుకుంటున్నాను!

ఆదివారం మధ్యాహ్నం వేసే ఆ కుటుంబ చిత్రం మీకు తెలిసిందే. పేరు చెప్పను, చెబితే మీరు పాట ఎత్తుకుంటారు. ముగ్గురు అన్నదమ్ములు, ఒకటే వంటిల్లు, పదకొండు పాటలు. తెనాలిలో మా వీధి వీధంతా దాన్ని నలభైసార్లు చూసింది. అయినా చిన్నకోడలు పెట్టె సర్దుకోగానే అందరికీ మళ్లీ కొత్తగా ఏడుపొస్తుంది.

నేను మాత్రం ఏడో పాట కోసం కూర్చుంటాను. దానికి మూడు చరణాలు. మూడోది నాకు రాదు. నేర్చుకోక తప్పదు, మా ఇంట్లో అన్నం ఉడకడం దాని మీదే ఉంది.

హాల్లో ఈ సినిమా రెండున్నర గంటలు. టీవీలో ఐదు! టికెట్ లేకుండా రెట్టింపు సినిమా ఇంకెవరు చూపిస్తారండీ?

మొన్న సినిమాలో పెద్దన్నయ్య మేడమెట్లు ఎక్కుతుండగా బ్రేక్ ఇచ్చారు. మా బావమరిది బసవలింగాన్ని స్టేషన్‌కి తీసుకెళ్లి, రేపల్లె రైలెక్కించి, వస్తూ వస్తూ వంకాయలు కొనుక్కొచ్చాను. ఆయన ఇంకా మెట్ల మీదే ఉన్నాడు! పెద్దవయసు వాడికి అంత విశ్రాంతి ఏ దర్శకుడిచ్చాడు?

పైగా సినిమా నడుస్తుంటే ఎవరూ నోరు విప్పరు. బ్రేక్ రావాలి, అప్పుడు చూడాలి మా ముందుగది!

"మూడోవాడు ఇల్లు పంచమనడంలో తప్పేముందమ్మా?" అంటారు ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు ఫ్రాన్సిస్ గారు.

"మీరూ మీ అన్నయ్యా గోడ మీది ములక్కాడలే పంచుకోలేకపోయారు, మీకు ఇళ్ల సంగతెందుకు మాస్టారూ!" అంటుంది పక్కింటి కోటిరత్నం అక్కయ్య.

వారం మొత్తానికి మా ఇంట్లో నాలుగు మాటలు వినబడేది ఆ బ్రేకుల్లోనే. సబ్బుల కంపెనీ చల్లగా ఉండాలి!

ఇక ఏడో పాట సంగతి. మా ఆవిడ మాధవీలతది పిట్టలవానిపాలెం. పెళ్లైన కొత్తలో బాపట్లలో ఈ సినిమా చూసి, హాలు బయట పాటల పుస్తకం కొనుక్కుంది. వంటింట్లో గడియారం చూసేది కాదు. అన్నం పొంగు రాగానే మంట తగ్గించి ఏడో పాట ఎత్తుకునేది. మూడో చరణం కాగానే గంజి వార్చేది. మెతుకు మెతుకు విడివిడిగా ఉండేది.

మంచాన పడ్డాక నాకూ అలాగే నేర్పింది. రెండు చరణాలు వచ్చాయి. మూడోది మొదలుపెట్టేలోపే వెళ్లిపోయింది. రెండేళ్లుగా పలుకన్నం తింటున్నాను.

కాసేపాగి వార్చొచ్చుగా అంటారా? ఆగాను. జావైంది! పుస్తకం చూడొచ్చుగా అంటారా? చెదలు నాకంటే ముందే చదివేశాయి. ఫోన్లో వెతికితే టీవీలోంచి తీసిందే పెట్టారు.

ఆ టీవీలో రెండో చరణం కాగానే పాట కోసేస్తున్నారు. ప్రకటనలకి చోటు కావాలి కదా! గత ఆదివారం సరిగ్గా అక్కడ ఏం వేశారో తెలుసాండీ? ప్రెషర్ కుక్కర్!

"ఇంతకన్నా ఎవరు చెబుతారు? కొనుక్కో తమ్ముడూ," అంది అక్కయ్య.

"వద్దులే అక్కయ్యా," అన్నాను.

అయ్యా టీవీ వారూ, ప్రకటనలు ఇంకో గంట పెంచుకోండి, కదలకుండా చూస్తాను. ఆ ఒక్క చరణం వేయండి. ఏ ఆదివారమో ముందుగా చెప్పారంటే, ఎసరు పెట్టుకుని కూర్చుంటాను.