వరదకి ఇంగ్లీషు మాట

ఆ జిల్లాలో వరదకి సరైన ఇంగ్లీషు మాట ఖరారయ్యేదాకా నీళ్ళలో మునిగినవాళ్ళు చావరు, వాళ్ళని ఎవరూ బయటికీ తీయరు. ఎప్పటినుంచో ఉన్న పద్ధతే గనక ఈసారీ ఎవరూ ఆశ్చర్యపోలేదు.

కలెక్టరాఫీసులో నివేదికల్ని ఇంగ్లీషులోకి మార్చే పని ప్రసూనది. ఏటిగట్టు తెగి ఇటుక బట్టీల కాలనీ మునిగిన రోజున ఆమె ‘సివియర్ ఫ్లడ్డింగ్’ అని రాసింది. ఆమె అక్క రాజ్యం ఆ కాలనీలోనే, నీళ్ళ అడుగున, సొంత ఇంట్లో పీట వేసుకుని కూర్చుని ఉంది.

అధికారి ఆ కాగితం చూసి మొహం చిట్లించాడు.

“సివియర్ అంటే పడవలు పంపాలి. ఉన్నవన్నీ మంత్రిగారి పర్యటనకి వెళ్ళాయి. పైగా సహజంగా లేదమ్మా. ఇంగ్లీషువాడైతే ‘సమ్ వాటర్‌లాగింగ్’ అంటాడు, ఏవో కాసిని నీళ్ళు నిలిచాయని. అలా మార్చి పట్టుకురండి, సంతకం పెట్టేస్తాను.”

సంతకం పడితే మాట ఖరారైనట్టే. ఆ క్షణంనుంచి కాలనీవాళ్ళకి మళ్ళీ ఊపిరి కావాల్సి వస్తుంది. పడవలు మాత్రం రావు.

“దానిముందు ‘ది’ ఉండాలేమోనండీ,” అంది.

తన ఇంగ్లీషులో తప్పు దొర్లిందంటే ఆయనకి తలవంపులు. “కనుక్కోండి,” అన్నాడు.

ఆమె కనుక్కుంటూనే ఉండిపోయింది. కామా గురించి సందేహం వచ్చింది. నిపుణుల సంఘం వేయించింది. సంఘంలో ఎవరికీ ఎవరితో పడకుండా జాగ్రత్తపడింది. తీరిక దొరికినప్పుడల్లా ఫోన్ చేసేది.

“ఎట్టా ఉన్నావక్కా?”

“బానే ఉన్నానే. పొయ్యి ఒక్కటే అంటుకోవట్లా.”

నెలలు గడిచాయి. కాలనీకి కరెంటు బిల్లులొచ్చాయి. బడి తెరిచారు. ఎన్నికలొస్తే అందరూ ఓట్లేశారు, పోలింగు బాగుందని మెచ్చుకున్నారు కూడా.

అధికారి బదిలీ అయ్యాడు. కొత్తాయన మంచివాడు. “సివియర్ ఫ్లడ్డింగే రాద్దామండీ, పడవలు సిద్ధంగా ఉన్నాయి,” అన్నాడు. ప్రసూన పరుగున బయటికి వెళ్ళి అక్కకి ఫోన్ చేసి చెప్పింది.

రాజ్యం ఒప్పుకోలేదు.

“పైకొచ్చి ఏడ ఉండాలే? గట్టు మళ్ళీ తెగదని ఎవరన్నా రాసిచ్చారా? ఈడ మునిగేదేదో మునిగిపోయాం. ఇంక భయం లేదు. ఆపించవే, నీకు పుణ్యముంటది.”

ప్రసూన కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. భాష ఇంకా పరిశీలనలోనే ఉందని విన్నవించింది. పడవల్ని వెనక్కి పంపేశారు.

తర్వాతి వానాకాలం నీళ్ళు ఆమె వీధిలోకి వచ్చాయి. మాట ఇంకా పరిశీలనలోనే ఉంది గనక ఎవరూ మేడలెక్కలేదు. ప్రసూన చాప చుట్టి పక్కన పెట్టి, వీధి తలుపు బార్లా తెరిచి, నీళ్ళకి అడ్డం తప్పుకుని నిలబడింది.