కారం లేని పెద్దకూర సలాడు అనెడి ఆదాం విజయము

వినుడు! పీటల మీద కూర్చున్నవారు కూర్చొనియే వినుడు; పొయ్యి మీద పాలు పెట్టినవారు ఒక చెవి అటు పడవేసి రెండవ చెవితో వినుడు. పత్తిచేలు తెల్లగా పగిలి, మిరపకల్లాలు ఎర్రగా పరచుకొని, ఆ నడుమ దారిన పోయే ప్రతి ప్రాణియు కులమత భేదము లేక తుమ్మెడి పుణ్యభూమియందు, పర్చూరుకు కూతవేటు దూరాన, ఒకానొక ఆదివారమున, ఆరాధన ముగిసి, గుడి గంట మూగవోయి, ఇంటింట కుక్కర్లు కూయ మొదలిడిన శుభవేళ, మిర్చిబస్తాభారవాహక త్రిచక్రశకటసారథియు, ప్రచండబాహుబలుడును, అయినను కడుపుమంటచే కృశించినవాడును అగు ఆదాం అను వీరుడు లుంగీ ఎగగట్టి వంటింట అడుగిడెను.

ఎందుకు అడుగిడెను? అక్కడే ఉంది అసలు కథ. పొద్దస్తమానం ట్రాలీ ఆటోలో గుంటూరు యార్డుకు మిరపకాయలు తోలే మనిషి మిరపకాయ తినరాదని చీరాల డాక్టరొకడు తీర్పు చెప్పాడు. ఎంత తేలిగ్గా చెప్పాడనుకున్నారు? తలైనా ఎత్తకుండా "కొన్నాళ్ళు కారం మానెయ్యండి" అన్నాడట. ఈ సీమలో పుట్టినవాడితో అనవలసిన మాటేనా అది?

నాటినుండి ఆదాం కంచమున పెరుగన్నము తప్ప వేరొండు లేదు. ఆదివారం వచ్చిందా, మరీ నరకం. మేనత్తయు, పిల్లనిచ్చిన అత్తగారును అగు ఎలీసమ్మ ఎండుమిర్చి దంచి పెద్దకూర వేపుచుండగా, ఆ ఘుమఘుమలు గోడలు దూకి వీధి వీధంతటిని నిద్రలేపుచుండగా, కట్టుకున్న భార్యయు కన్నతల్లి వంటి అత్తయు ఎదుటనే కూర్చొని వేళ్ళు నాకుచుండగా, ఆ మహావీరుడు పెరుగన్నము పిసుకుచు గోడమీది బల్లిని చూచుచుండెడివాడు. చెబుతుంటే నాకే ఏడుపొస్తోంది.

భార్య క్రిస్టీనా బడిలో టీచరు. ఫోనులో చూచి ఉపాయము కనిపెట్టెను: ఉడికించిన పెద్దకూరలో బోలెడు కూరగాయలు కలిపి, కారం లేని సలాడు చేసుకోవచ్చునట. కాని ఆ ఇంటి పొయ్యికి అధినేత్రి ఎలీసమ్మ. ఆమె శనివారం సాయంత్రమే షరతు ప్రకటించెను.

"ఒరేయ్ ఆదాం, రెండు రకాలు వండటం నా వల్ల కాదు. రేపు ఆ సలాడో గిలాడో నువ్వే చెయ్యి, అందరం అదే తిందాం. నా నోటితో నేను 'ఇంకాస్త వెయ్యి' అన్నాననుకో, నీకు కడుపు నయమయ్యేదాకా ప్రతి ఆదివారం ఈ ఇంట్లో అదే కూర. అనలేదా, నోరు మూసుకుని పెరుగన్నం తిను. నా వేపుడు నేను చేసుకుంటా."

"ఓసి శ్వశ్రూశిరోమణీ! మరీచమహాసామ్రాజ్ఞీ! నీ జిహ్వాదుర్గమును రేపటి దినమున ముట్టడించి, నీ ముఖకుహరమునుండి ఆ మూడక్షరాల జయవాక్యమును పెల్లగించి తేనేని, నేను ఆదామునే కాను!" అని వీరుడు హృదయమున గర్జించెను. మూడక్షరాలో ఆరక్షరాలో ఆవేశంలో ఎవడు లెక్కపెడతాడు? బయటికి మాత్రం "అట్టాగేలే అత్తా" అన్నాడు.

ఇక సంగ్రామము. కసాయి సిలార్ అంగడినుండి ఎముక లేని లేత పెద్దకూర తెచ్చి, ఉప్పును వెల్లుల్లిని దట్టించి, కుక్కరు అనెడి కారాగృహమున బంధించెను. కుక్కరు శంఖమువలె కూయ, ఆ కూతకు ధైర్యము తెచ్చుకొని, కత్తి దూసి, కీరదోసను ఖండఖండములు గావించి, క్యాబేజీని పొరపొరలుగా ఊడదీసి, క్యారెట్టును తురిమి, ఉడికిన బంగాళాదుంపల తోలు వలిచెను. ఉల్లిపాయ మాత్రం లొంగలేదు. ఒక్క కోతకే వీరుని కన్నులు ధారాపాతముగా వర్షింప, ముక్కు ఎగబీల్చుచు, భుజముతో కన్నీరు తుడుచుకొనుచు, ఏడ్చుచునే దానిని జయించెను. చివరన ఉడికిన బీట్‌రూటును కోసి సేన నడుమ నిలిపెను. ఈ బీట్‌రూటు ఉందే, దాని సంగతి మీకు కాసేపట్లో తెలుస్తుంది.

ఉడికిన మాంసమును పెనముపై ఎర్రగా కాల్చుచుండగా వచ్చెను అసలు విపత్తు. కుడిచేయి ఉంది చూశారూ, దానికి డాక్టరు చెప్పిన సంగతి తెలియదు. అది తనంతట తాను, పాము పుట్టకు పోయినట్లు, కారం డబ్బా వద్దకు పోయి మూత తీసెను. గుప్పుమన్నది వాసన. డబ్బా పలికెను, లేక ఆకలిగొన్న ఆదాం చెవికి పలికినట్లు తోచెను:

"ఓరీ కృతఘ్నా! నీ శకటమునకు డీజిలు పోయించినది నేను కానా? నీ పెండ్లికి ప్యాంటు కుట్టించినది నేను కానా? చిటికెడు చాలును. ఎవ్వరు చూచెదరు?"

వీరుని నోట నీరూరెను. కడుపులో మంట "నేనున్నాను సుమా" అని గుర్తు చేసెను. "ఓ రక్తవర్ణమోహినీ! నిన్ను మోసెదను, తూకమువేయించెదను, నీ దుమ్ముకు తుమ్మెదను. తినను గాక తినను!" అని మనసున ప్రతినబూని, ఎడమచేతితో కుడిచేతిని పట్టి లాగి, డబ్బాను అటకమీదికి నెట్టెను. లోకంలో దీనికి పతకం ఇవ్వరు. ఇవ్వాలి.

నిమ్మరసము, ఉప్పు, చిటికెడు మిరియాలపొడి, వేరుశనగ నూనె చిలకరించి, తక్కిన సమస్తమును పెద్ద బేసినులో కలిపి, బీట్‌రూటును నడుమ పూడ్చి, వసారాలో చాపమీద పెట్టెను. తెల్లని క్యాబేజీ, పచ్చని కీర, నారింజ వన్నె క్యారెట్టు, నడుమ నిగనిగలాడే మాంసఖండములు. చూడ ముచ్చటగా ఉంది, ఒట్టు.

"ప్రార్థన చేద్దాం" అని ఎలీసమ్మ కొంగు నెత్తిన కప్పుకొనెను. అందరూ కన్నులు మూసిరి.

ఎలీసమ్మ ప్రార్థన సామాన్యమైనది కాదు. ఆహారముతో మొదలై, పత్తికి పట్టిన గులాబీ పురుగు మీదుగా, మిర్చి ధర మీదుగా, పక్కింటి కోటేశ్వరమ్మ మోకాలి నొప్పి మీదుగా, పొదిలిలో ఉన్న ఆడబిడ్డ కొడుకు పెళ్ళి సంబంధం దాకా పోయి, అక్కడినుండి అల్లుడి కడుపుమంటకు తిరిగి వచ్చి, అక్కడ చాలాసేపు ఆగెను. ఈలోగా బేసినులో ఉప్పు తన పని తాను చేసుకొనుచుండెను. బీట్‌రూటు కరిగి, క్యాబేజీకి పాకి, బంగాళాదుంపకు ఎగబ్రాకి, కీరదోసను ముంచి, సమస్తసేనను నెత్తురువన్నెకు తిప్పెను.

"ఆమేన్" అనిరి. కన్నులు తెరిచిరి. బేసిను నిండా ఎరుపు.

మన సీమలో ఎరుపంటే ఒక్కటే అర్థం. క్రిస్టీనా బేసినును తనవైపు లాక్కొంది.

"బావా, కారం చల్లావు. అందరం కళ్ళు మూసుకున్నప్పుడు చల్లావు."

"చల్లలేదే. డబ్బా అటక మీదుంది, చూసుకో."

"నీకు డబ్బాతో పనేంది? నీ జేబు దులిపితే పావుకిలో కారం రాలుద్ది. దేవుడి ముందు కూర్చుని కూడానా బావా? నీ కడుపు గురించి నాకెంత భయమో నీకు తెలుసా?" అంది. ఆమె కంట నీరు తిరిగింది, అది ఉల్లిపాయ వల్ల కాదు.

కారమును జయించినవాడే కారపుదొంగ అయ్యెను. అత్త వైపు చూచెను. ఎలీసమ్మ ఒక ముక్క నోట వేసుకొని నమిలెను.

"చప్పగా ఉందే పిల్లా. ఇందులో కారం లేదు."

"నీ నాలుకకేం తెలుసుద్దమ్మా? పచ్చిమిరపకాయ నంజుకుని కూడా చప్పగా ఉందనే మనిషివి."

నిజమే. ఆ సాక్ష్యం చెల్లదు. ఎలీసమ్మ కొంగు సర్దుకొని, తలుపు వైపు చూచి, నేల వైపు చూచి, చివరకు గొంతు తగ్గించి పలికెను.

"వాడు ముట్టలా. నేను చూశా."

"ప్రార్థనలోనా? కళ్ళు తెరిచా?"

"ఒక కన్నే తెరిచాలే. వాడి కోసమేగా అడుగుతున్నా, వాణ్ణి చూడకుండా ఎట్టా అడిగేదే? కళ్ళు మూసుకుని బుద్ధిగా కూర్చున్నాడు. బుగ్గలు ఎట్టా లోపలికి పోయాయో చూశావా? మా అన్న బిడ్డ, పుల్లలా అయిపోయాడు. నేను వేపుడు తింటా కూర్చున్నా ఇన్నాళ్ళు." బేసినును కూతురి వైపు నెట్టి, "ఎరుపు ఆ బీట్‌రూటుదిలే. ముందు వాడి కంచంలో వెయ్యి. ఇంకాస్త వెయ్యి" అనెను.

ఆదాం ముద్ద ఎత్తబోయిన చేయి ఆపెను.

"అన్నావత్తా."

"ఏందిరా అన్నది?"

"ఇంకాస్త వెయ్యి అన్నావు. నీ నోటితో."

"నీకు వెయ్యమన్నా. నాక్కాదు."

"ఎవరికని నువ్వు నిన్న చెప్పలా."

ఎలీసమ్మ అల్లుని ఎగాదిగా చూచెను. కూతురు నవ్వాపుకోలేక పక్కకు తిరిగెను. ఆ శ్వశ్రూశిరోమణి తన కంచమును వేలితో బేసిను వైపు బెత్తెడు జరిపెను.

కావున, ఓ జనులారా, పత్తిచేల తెల్లదనము సాక్షిగా, మిరపకల్లాల ఎర్రదనము సాక్షిగా ఎలుగెత్తి చాటుచున్నాను: ఆ ఆదివారమున, కారము లేని పెద్దకూర కొరకు, కొమ్ములు తిరిగిన ఎలీసమ్మ కంచము బెత్తెడు కదిలెను!