అక్సా కార్డు అందలేదు

పద్దెనిమిదేళ్లుగా ఇప్పలగూడెం ఉత్తరాలు మోస్తున్న అంతోనయ్య జీవితంలో మొదటిసారి దొంగతనం చేశాడు. చేసింది ఎక్కడో కాదు, సొంత పెళ్లాం దగ్గర. పోయింది నగా నట్రా కాదు, ఒక పోస్టుకార్డు.

ఇప్పలగూడెం చర్ల దాటి అడవిలోకి పోయే దారిలో ఉంది. అక్కడ పోస్టాఫీసంటే ఒక గది, ఒక బల్ల, ఒక ముద్ర, ఒక అంతోనయ్య. పోస్టుమాస్టరూ ఆయనే, పోస్టుమానూ ఆయనే. చీవాట్లు పెట్టాలన్నా, పడాలన్నా రెండో మనిషి లేడు.

ఆ శుక్రవారం పొద్దున విశ్రాంతమ్మ కార్డు తెచ్చి మొగుడి చేతికిచ్చింది.

"సంచిల వెయ్యి. మర్చిపోయేవు."

"పద్దెనిమిదేండ్ల సర్వీసు నాది. ఒక్క ఉత్తరమన్న మర్చిపోయిన్నా?"

"ఉత్తరాలు మర్చిపోవు. ఉప్పు తెమ్మంటేనే మర్చిపోతవు."

అంతోనయ్య ఆమె చూస్తుండగానే కార్డును సంచిలో వేశాడు. ఊరి మలుపు తిరిగాక తీసి చొక్కా లోపల దోపుకున్నాడు. చెమటకు అది ఛాతీకి అతుక్కుపోయింది. పాపం చేసినవాడికి గుండె మండుతుందని ఫాదర్ గారు చెప్పేవారు. అంతోనయ్యకు మాత్రం సాయంత్రం దాకా దురద పెట్టింది.

ఇంతకీ ఆ కార్డులో ఏముంది? నాలుగు పేర్లు, ఒక పాట, అంతే.

ప్రతి గురువారం మధ్యాహ్నం ఆకాశవాణిలో 'మీ ఉత్తరం అందింది' అని ఒక కార్యక్రమం వచ్చేది. ప్రసూన అనే అనౌన్సరమ్మ కార్డులు రాసినవాళ్ల పేర్లు ఊరితో సహా చదివి, వాళ్లడిగిన పాట వేసేది. ఆ ఇంట్లో మొదట రాసింది కూతురు అక్సా, ఎనిమిదో తరగతిలో ఉండగా. ముగ్గురి పేర్లే ఉంటే కార్డు బోసిగా ఉందని మేక పేరు కూడా కలిపింది. "ఇప్పలగూడెం నుంచి అక్సా, విశ్రాంతమ్మ, బుజ్జమ్మ, అంతోనయ్య" అని రేడియో చదివేసరికి ఊరు ఊరంతా పగలబడి నవ్వింది.

"మేక తర్వాతనా నా పేరు?" అని అంతోనయ్య అలిగాడు.

"అది పాలిస్తది నాయనా. నువ్వేమిస్తవ్?" అంది అక్సా.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఆ పిల్లకు జ్వరం పట్టింది. వాగు పొంగింది, జీపు రాలేదు. మంచం మీద మోసుకుపోయి దవాఖానాకు చేర్చేసరికి ఆలస్యమైపోయింది. ఆ అడవిలో ఏ గూడేన్ని కదిలించినా ఇలాంటి కథే ఒకటి వినిపిస్తుంది. అందరికీ ఉన్నంత మాత్రాన ఎవరి దుఃఖమూ తగ్గదు.

రేషన్ కార్డులో అక్సా పేరు కొట్టేశారు. బడి రిజిస్టరులోనూ కొట్టేశారు. నలభై రోజుల ప్రార్థన అయిన మర్నాడు విశ్రాంతమ్మ ఒక కార్డు తీసి, కూతురిలాగే గుండ్రటి అక్షరాలతో అవే నాలుగు పేర్లు రాసి పంపింది. ప్రసూనకేం తెలుసు? ఎప్పటిలాగే నవ్వుతూ చదివింది. విశ్రాంతమ్మ ఆ పూట చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నది.

అంతోనయ్య కంచం వదిలేసి గొడ్లపాక వెనక్కి పోయాడు. ఆ పేరు అంత హుషారుగా చెవిన పడితే ఆయన తట్టుకోలేడు. అప్పటినుంచి ఆమె వారం వారం కార్డు పంపేది, ప్రతి గురువారం సరిగ్గా ఆ వేళకే పాక వెనక ఆయనకేదో పని పడేది. ఈ మాట పెళ్లాంతో చెప్పలేడు, ఆమెకు మిగిలిన సంతోషం అదొక్కటే. చెప్పకుండా ఆపించాలి. అదీ ఆయన పథకం.

మొదట రేడియో మీదికే పోయాడు. సెల్లులు తిరగేసి పెట్టాడు. విశ్రాంతమ్మ చప్పున సరిచేసింది. చర్లలో సెల్లులు దొరకడం లేదన్నాడు. ఆమె సంతకు పోయి డజను తెచ్చింది. చివరికి టీవీ రుచి చూపిద్దామని వెంకటరామారావు ఇంటికి తీసుకుపోయాడు. ఆయన కోస్తా నుంచి వచ్చి మిర్చి వేస్తున్న ఆసామి. ఊళ్లో మొదటి డిష్షు ఆయనదే, అందుకే అందరూ డిష్షురావు అంటారు.

"ఈ రోజుల్లో సర్కారు రేడియో ఎవరు వింటారు చెల్లెమ్మా? నూట ఇరవై చానెళ్లు! రిమోట్ నొక్కీ నొక్కీ నా బొటనవేలు వాచిపోయిందంటే నమ్ము."

విశ్రాంతమ్మ గంటసేపు చేతులు కట్టుకుని చూసింది.

"అన్నా, ఈ నూటిరవైల ఒక్కడన్న ఇప్పలగూడెం అని అన్నడా?"

"మన ఊరి పేరు వాళ్లకెందుకమ్మా?"

"రేడియోకు కావాలె కద. గీళ్లంత సబ్బు కొంటవా, క్రీము కొంటవా అంటున్నరు. ఏం కొనకపోయినా మన పేరు పిలిచేది అదొక్కటే."

డిష్షురావు జవాబు వెతుక్కునేలోపు కరెంటు పోయింది. కరెంటు పోయిన టీవీ ముందు ముగ్గురూ కాసేపు మర్యాదగా కూర్చుని లేచారు.

అప్పుడు తట్టింది అంతోనయ్యకు. రేడియో నోరు మూయించలేకపోయినా కార్డు తన సంచి దాటకుండా చూడొచ్చు కదా! అలా మొదటి కార్డు పోయింది. దాన్ని చింపడానికి చెయ్యి రాలేదు. ఇంట్లో మరియమాత పటం వెనక దాచాడు. ఆ తల్లి ఎవరితోనూ చెప్పదని ఆయన ధీమా.

ఆ గురువారం పేరు రాలేదు.

"ఏమయ్యా, కార్డు పోయిందా?"

"పోయింది." అబద్ధం కాదు, ఎక్కడికి పోయిందో ఆమె అడగలేదు.

"మరి సదవలేదేంది?"

"వేల ఉత్తరాలొస్తయే ఆమెకు. మన వంతు రావద్దా?"

రెండో వారమూ రాలేదు, మూడో వారమూ రాలేదు. విశ్రాంతమ్మ ప్రతి శుక్రవారం కొత్త కార్డు ఇస్తూనే ఉంది, గురువారం మధ్యాహ్నం మాత్రం అన్నం మానేసింది. పాట అయిపోయినా రేడియో కట్టెయ్యకుండా, వార్తలూ, మిరప తెగుళ్లూ, గోదావరి నీటిమట్టమూ అన్నీ వింటూ కూర్చునేది, మధ్యలో ఎక్కడైనా చదువుతారేమోనన్నట్టు. అంతోనయ్య ఈసారి కార్డు పంపేద్దామని ప్రతి శుక్రవారం అనుకునేవాడు. మలుపు తిరగగానే చెయ్యి దానంతటదే సంచిలోకి పోయేది.

ఆరో గురువారం ఆయన పాక వెనక్కి పోలేదు. పేరు రాదని గట్టి నమ్మకం. రెండేళ్ల తర్వాత మొదటిసారి రేడియో పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుని పప్పన్నం కలిపాడు.

"ఇప్పలగూడెం అక్సా!" అంది ప్రసూన.

అంతోనయ్యకు పొలమారింది.

"ఏమ్మా అక్సా, ఆరు వారాలైంది నీ కార్డు చూసి. పరీక్షలా? ఒంట్లో బాగాలేదా? నీ గుండ్రటి అక్షరాల కోసం ఇక్కడందరం ఎదురు చూస్తున్నాం. ఎక్కడున్నావమ్మా? అసలు ఇప్పలగూడెం నుంచి మాకు ఒక్క ఉత్తరమూ అందడం లేదు. అక్కడి పోస్టాఫీసువారు కాస్త చూడాలని మనవి."

విశ్రాంతమ్మ మొగుడి వంక చూసింది. అంతోనయ్య మంచినీళ్ల చెంబు అందుకోబోయి మజ్జిగలో చెయ్యి పెట్టాడు.

పాట సగంలో ఉండగానే వాకిట్లో జనం. రేడియో విననని ఊళ్లో ప్రతివాడూ చెప్పేవాడే, విననివాడు ఒక్కడూ లేడని అప్పుడు తేలింది.

"మా తమ్ముడు అవుతల గట్టుకు పోయి నాలుగేండ్లాయె. ఒక్క ఉత్తరం రాలె. నువ్వే దాచినవ్!" అని నాగక్క మీదికొచ్చింది.

"నీ తమ్మునికి రాయనే రాదు కద నాగక్కా!"

"రాయొస్తే దాచకపోదువా?"

రూప్‌సింగ్‌ది ఇంకో గోల. "నా పోలీసు నౌకరి కాల్‌లెటర్ ఏడబెట్టినవ్?"

"దరఖాస్తు పెట్టినవారా నువ్వు?"

"నిన్ను నమ్ముకుని ఎట్ల పెడ్త?"

డిష్షురావు కూడా వచ్చాడు. సర్కారు రేడియో వినని ఆ పెద్దమనిషికి ఈ సంగతి ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు. "అంతోనయ్య కాదయ్యా, ఈయన అందనయ్య! ఏ ఉత్తరమూ అందనయ్య!" అన్నాడు. ఆ పేరు సాయంత్రానికల్లా గూడేలు దాటి పోలీసు క్యాంపు దాకా పోయింది. మర్నాడు క్యాంపు దగ్గర సంచి తనిఖీ చేసే జవాను కూడా, "ఏం అందనయ్యా, ఇయ్యాల ఎవరియి గాయబ్?" అన్నాడు. పద్దెనిమిదేళ్లు ఎండలో వానలో తిరిగిన మనిషి తల దించుకుని నడిచాడు.

సోమవారం పై ఆఫీసు నుంచి షాలేమ్‌రాజు అనే ఓవర్‌సీయరు మోటారుసైకిలు మీద దిగాడు.

"రేడియోల డిపార్ట్‌మెంట్ ఇజ్జత్ పోయిందయ్యా! మా ఇంట్ల గూడ ఇన్నరు. మా ఆవిడ నాలుగు దినాల సంది నాతోని మాట్లాడత లేదు."

బల్ల సొరుగు లాగాడు, సంచి దులిపాడు, ఇల్లంతా కలియదిరిగాడు. చివరికి మరియమాత పటం ముందు ఆగి శిలువ గుర్తు వేసుకుని, పటం గోడ నుంచి ఎత్తాడు. నౌకరి, జైలు, పరువు వరుసగా అంతోనయ్య కళ్ల ముందు తిరిగాయి.

పటం వెనక దుమ్ము కూడా లేదు.

"మా ఆయన మతిమరుపు మనిషి సారూ. దొంగ మాత్రం గాదు," అని విశ్రాంతమ్మ ఓవర్‌సీయరు చేతిలో చాయ్ పెట్టింది. ఆయన తాగి, హెచ్చరించి, వెళ్లిపోయాడు.

మోటారుసైకిలు చప్పుడు దూరమయ్యాక విశ్రాంతమ్మ బియ్యం డబ్బాలోంచి ఆరు కార్డులు తీసి మొగుడి ముందు పెట్టింది.

"ఎప్పటి సంది తెల్సు నీకు?"

"మొదటి కార్డు సంది. ప్రతి శనివారం నేను పటాలు తుడుస్తనని తెల్వదా? రేడియోల అడిగినంక తీసి బియ్యంల పెట్టిన. పెండ్లయి ఇరవై ఏండ్లాయె. దాచెతందుకు పోయిపోయి ఆ తల్లి ఎన్క దాస్తివి. ఆమె గూడ బిడ్డను పోగొట్టుకున్నదేనయ్యా. నీ దిక్కుంటదా, నా దిక్కుంటదా?"

"తెల్సి మళ్లమళ్ల కార్డు ఎందుకిచ్చినవే?"

"ఎప్పుడన్న నోరు తెరుస్తవని. పాక ఎన్కకు పోయి గొడ్లకు చెప్పుకుని ఏడుస్తవ్. నాకు చెప్పవ్. నేనేమన్న గొడ్లకన్న కడనా?"

అంతోనయ్య పై కార్డు తీసి కూతురి పేరు మీద వేలు పెట్టాడు.

"ఆమె అంత నవ్వుకుంట పిలుస్తది విశ్రాంతం. మన పిల్ల ఓయ్ అని పలుకుతదేమో అనిపిస్తది. పలకదు. నాతోని గాదే."

విశ్రాంతమ్మ ఆయన పక్కనే చతికిలబడింది. ఇద్దరూ కలిసి ఏడవడం రెండేళ్లలో అదే మొదటిసారి.

"నవంబర్ల గుడిల ఫాదర్ గూడ సదువుతడు, పిల్ల పేరు. ఏడాదికొకపారి. సచ్చిపోయినోళ్ల లిస్టుల," అంది ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "రేడియోల బతికున్నోళ్ల లిస్టుల సదువుతరు. నాకు గా ఒక్క లిస్టే మిగిలింది. అండ్లకెళ్లి గూడ కొట్టేస్తవా?"

విశ్రాంతమ్మ లేచి కొత్త కార్డూ, పెన్నూ తెచ్చి మొగుడి ఒళ్లో పడేసింది.

"ఆ ప్రసూనమ్మ అందరిట్ల అడిగింది. జవాబియ్యాలె. నువ్వే రాయి."

"ఏమని?"

"పోస్టాయన దాచిండని."

"నౌకరి పోతదే!"

"అయితే పోస్టాయనకు మతిమరుపని రాయి."

పద్దెనిమిదేళ్ల సర్వీసుకు సొంత చేతితో మచ్చ రాసుకున్నాడు అంతోనయ్య. "ఆలస్యానికి మా ఊరి పోస్టాయన మతిమరుపే కారణం, క్షమించగలరు." అక్కడ పెన్ను ఆగింది.

"పిల్ల ఎట్లున్నదని రాయాలె?"

"నీ ఇష్టం. తండ్రివి," అంది విశ్రాంతమ్మ, వాకిలి వైపు చూస్తూ.

ఉన్నమాట ఒక్క వాక్యం రాస్తే చాలు. ఇక ఏ గురువారమూ ఆ పేరు వినబడదు. ఆరు వారాల దొంగతనం చేసినా చేతికి రానిది ఇప్పుడు పెళ్లామే పెన్నుతో సహా ఒళ్లో పెట్టింది. అంతోనయ్య ఎంతసేపు కూర్చున్నాడంటే, ఉత్తరాల సంచి కోసం రోజూ ఆగే చర్ల బస్సు వచ్చి హారన్ కొట్టి కొట్టి, సంచి లేకుండానే వెళ్లిపోయింది.

చివరికి రాశాడు. అక్షరాలు కోడి కెలికినట్టు వచ్చాయి. కార్డు ఆమెకిచ్చాడు.

విశ్రాంతమ్మ వెలుగులోకి పట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. "అక్స బాగున్నది. ఇక నుండి వారం వారం రాస్తది." ఇంకోసారి చదివింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"దీర్ఘమేది?"

"ఆఁ?"

"అక్స అని రాసినవ్. గట్ల రాస్తే ఆమె గట్లనే సదువుతది. ఇనేటోళ్లు ఇంకెవరో పిల్ల అనుకుంటరు."

అంతోనయ్య కార్డు వెనక్కి తీసుకుని, కళ్లు తుడుచుకుని, దీర్ఘం పెట్టాడు.