మూసివేతకు మూడు కారణాలు

ఆ ఉదయం పర్శరాములు పెట్టుకున్న పని ఒక్కటే. లక్సెట్టిపేటలోని తన సూపర్‌మార్కెట్ గోడకు ‘ఆదివారం నుండి మూసివేత’ అని కాగితం అంటించి, ఎవరి కంటా పడకుండా లోపలికి జారుకోవాలి. తాతల నాటి కిరాణాను అద్దాల తలుపుతో, ఏసీతో సూపర్‌మార్కెట్ చేసిన మనిషి, కొనేవాళ్లు లేరని ఏ మొహంతో చెప్పుకుంటాడు?

గమ్ము ఆరకముందే రామవ్వ వచ్చింది. “ఏంది బిడ్డా, మూస్తున్నవా?”

“మోకాళ్ల నొప్పులు పెద్దమ్మా. నిలబడ చాతనైతలేదు.”

తర్వాత చెప్పుల దుకాణం గులాం నబీ వచ్చాడు. డెబ్బై ఏళ్లొచ్చినా సైకిల్ తొక్కే ఆయన ముందు మోకాళ్ల మాట ఎత్తడానికి నోరు రాలేదు. “ఎలుకలు, చాచా. మస్తు పరేషాన్ చేస్తున్నయి.” బడిపంతులు హనుమండ్లు అడిగేసరికి, “దర్వాజకు వాస్తు లేదట సార్,” అనేశాడు.

కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో మధ్యాహ్నానికి తెలిసింది. రామవ్వ నువ్వుల నూనె కాచి తెచ్చి, మూలన సామాను వెనక పడేసిన పాత స్టూలు లాగి, అతన్ని కూర్చోబెట్టి ప్యాంటు మోకాళ్ల పైకి మడిచింది. ఇంతలో గులాం నబీ గోనెసంచిలో రెండు పిల్లులను తెచ్చి వదిలాడు. దర్వాజ మార్చమని హనుమండ్లు గడ్డపారతో మేస్త్రీని దింపాడు.

పిల్లులు పప్పుల అరల మీదికి ఎగిరాయి. ప్యాకెట్లు చిరిగి కందిపప్పు వానలా కురిసింది. ఒక పిల్లి తన భుజం మీద దూకేసరికి మేస్త్రీ అదిరిపడి గడ్డపార వదిలాడు. అద్దాల తలుపు భళ్లుమంది. పర్శరాములు పిల్లుల వెనకాల అరల చుట్టూ మూడుసార్లు పరిగెత్తాడు.

“మోకాళ్లు నొస్తున్నయంటివి కద, గట్లెట్ల ఉరుకుతున్నవ్?” అంది రామవ్వ.

అతను స్టూలు మీద కూలబడ్డాడు. “ఎవ్వలు కొంటలేరు పెద్దమ్మా. గంతే. చెప్పుకోనీకి సిగ్గైంది.” కళ్లలో నీళ్లు తిరిగాయి.

రామవ్వ తల దించుకుంది. “దుకాణంకు ఎందుకు వస్తలేవని నువ్వడిగితే, నడవ చాతనైతలేదని నేను సుత అబద్ధమే చెప్పిన. తలుపు కాడ నా సంచి గుంజుకుంటుంటిరి, నేనేదో దొంగనైనట్టు. పావుకిలో పప్పంటే కిలో ప్యాకెట్ సూపిస్తుంటిరి.”

“జర కూసొని ముచ్చట పెడుదమంటే స్టూలు సుత లేకపాయె,” అన్నాడు గులాం నబీ.

పర్శరాములు చుట్టూ చూశాడు. తలుపు లేదు. స్టూలు వచ్చింది. చిరిగిన ప్యాకెట్లలో పప్పు విడిగానే ఉంది. లేచి అటక మీది తక్కెడ దించాడు.

“పావుకిలో జోకు,” అంది రామవ్వ.

ఆదివారం దుకాణం నిజంగానే మూసి ఉంది. ‘మేనకోడలి పెళ్లి, సోమవారం తెరుస్తాం’ అని గోడకు కాగితం ఉంది. ఈసారి కారణం నిజమే, కానీ ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు.