‘కింద’ అనే మాటకు ముప్ఫై వాక్యాలు

ఆ పొద్దున మాస్టారు అనుకున్నది చిన్న పని. పదకొండింటికి తనిఖీ అధికారి వచ్చేలోపు రెండో తరగతి చేత ‘కింద’ అనే మాటతో తలా ఒక వాక్యం రాయించాలి. తరగతి నచ్చితే, ఉద్యోగ విరమణ అయ్యాక ఇంకో ఏడాది ఆయన్ని ఆ గదిలోనే ఉండనిస్తారు. నచ్చకపోతే ఇంటికే. భార్య పోయాక ఆ ఇంట్లో కసురుకోవడానికి కూడా ఎవరూ లేరు.

"పిల్లి బల్ల కింద ఉంది అని రాస్తే సున్నా" అన్నాడు. "ఇన్నేళ్లుగా దిద్దుతున్నాను, ఆ పిల్లి నాకెప్పుడూ కనపడలేదు. కళ్లతో చూసిందే రాయాలి. ఒకళ్లు రాసింది ఇంకొకళ్లు రాయకూడదు. నాకు మాట వినపడకూడదు."

కళ్లజోడు బల్ల మీద పెట్టి, ఆఫీసు గదిలో కుర్చీలు సర్దడానికి వెళ్లాడు.

పిల్లలు ముప్ఫై మంది. గదిలో కింద ఉన్న వస్తువులు ఏడో ఎనిమిదో. అవి అయిపోగానే మిగతావాళ్లు లేచి, దొరికినదాన్ని దేని కిందో పెట్టి, కళ్లారా చూసి, నిజాయితీగా రాసుకున్నారు.

మాస్టారు తిరిగొచ్చేసరికి హాజరుపట్టీ లేదు. సుద్దముక్కలు లేవు. కళ్లజోడు లేదు.

"ఎక్కడ పెట్టార్రా?"

ముప్ఫై మందీ పెదవుల మీద వేలు పెట్టుకున్నారు. పిడుగు అని ఆయనే పేరు పెట్టిన పిల్ల లేచొచ్చి తన నోటుబుక్కు ముందు పెట్టింది. ఆయన దగ్గరికి తెచ్చి చూశాడు, దూరం జరిపి చూశాడు. చీమలు పాకినట్టుంది.

"ఇవీ ఒక అక్షరాలేనా? వెళ్లి కూర్చో."

అంతలో హెడ్‌మిస్ట్రెస్ అధికారిని వెంటబెట్టుకొచ్చింది. "హాజరుపట్టీ ఇవ్వండి మాస్టారూ."

"ఇక్కడే ఉండాలి మేడమ్."

నీళ్ల బిందె జరిపితే సుద్దముక్కలు దొరికాయి, ముద్దై. బకెట్ ఎత్తితే బడి గంట దొరికింది. అది కనపడక ఆయా అప్పటికే వరండాలో చప్పట్లు కొడుతూ తిరుగుతోంది.

"పోనీలెండి, పుస్తకాలు చూస్తాను" అంటూ అధికారి మాస్టారి కుర్చీలో కూర్చున్నాడు. టప్‌మంది. ఆయన అనుమానంగా అటూ ఇటూ కదిలి, పిడుగు పుస్తకం తీసి చదివాడు: "మాస్టారి కళ్లజోడు కుర్చీ దిండు కింద ఉంది."

అధికారి మెల్లగా లేచాడు.

"ముందే చెప్పొచ్చుగా అమ్మా?"

"మాస్టారు మాట్లాడొద్దన్నారు సార్. రాసింది చూపిస్తే, ఇవీ ఒక అక్షరాలేనా అన్నారు."

"ముత్యాల్లా ఉన్నాయి కదండీ మాస్టారూ" అన్నాడు అధికారి.

మాస్టారు ఆ పిల్లతో ఏదో అనబోయాడు. అలవాటు లేని మాట, నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

అధికారి ముప్ఫై పుస్తకాలూ చదివాడు. ఒక వాక్యం రెండోసారి రాలేదు. పిల్లి అసలే లేదు. "ఇలాంటి మనిషిని ఒక్క గదిలో ఉంచడం అన్యాయం" అన్నాడు. "ఏడాది ఏమిటి, మూడేళ్లు ఇస్తున్నాను. రేపట్నుంచి పై ఆఫీసులో కూర్చుని అన్ని బడులకూ పాఠాలు రాయండి."

"అక్కడ పిల్లలుంటారా సార్?"

"ఒక్కళ్లూ ఉండరు. హాయిగా ఉంటుంది."

ఎవరినీ ఎన్నడూ మెచ్చుకోని మాస్టారికి, మెచ్చుకోలు ఎంత నష్టం చేస్తుందో ఆ రోజు తెలిసొచ్చింది.