టైపు మాస్టారికి నలభై మూడు నమస్కారాలు

"ఈ లోకంలో రెండే రకాల మనుషులున్నారు బామ్మర్దీ! నేరం చేసి దొరికిపోయినవాళ్ళు. నేరం చేసి ఇంకా నా కంట పడనివాళ్ళు!"

"ఏ నేరమూ చెయ్యనివాళ్ళో బావా?"

"నాకు అసలు అనుమానం వాళ్ళ మీదే!"

ఇలాంటి మాటలకి బామ్మర్ది పన్నెండేళ్ళుగా అలవాటు పడ్డాడు. అతను లిఫ్టు మెకానిక్కు. తన చేతి కింద ఉన్న లిఫ్టుల్లో అక్కాబావలుండే నాలుగంతస్తుల భవనంలోది అన్నిటికన్నా ముసలిది. చేత్తో లాగి మూసే ఇనప జల్లెడ తలుపులది. ప్రతి మంగళవారం దానికి నూనె రాసి, అక్క చేతి భోజనం చేసి, బావ చెప్పే గొప్పలు వినేసి వెళ్ళడం అతని ఉద్యోగంలో భాగమైపోయింది.

బావకి భవనం కిందే జిరాక్సు షాపుంది. ఆ మిషన్ మీదే తన విజిటింగ్ కార్డులు తనే తీసుకున్నాడు. "డేగకన్ను. ప్రైవేటు పరిశోధకుడు. నకలు చూపించండి, అసలు పట్టిస్తాం" అని ఉంటుంది వాటి మీద. ఇంతవరకు ఆయన ఛేదించింది ఒకే ఒక్క కేసు. రెండో అంతస్తులో పాల ప్యాకెట్లు మాయమవుతున్నాయంటే నాలుగు తెల్లవారుజాములు మెట్ల కింద కాపు వేసి, చివరికి ఒకణ్ణి పాల ప్యాకెట్లతో సహా పట్టుకున్నాడు. వాడు పాలు వేసే మనిషి. ఆ దెబ్బకి వాడు ఆ భవనానికి పాలు వెయ్యడమే మానేశాడు. ప్యాకెట్లు మాయమవడం కూడా ఆగిపోయింది కాబట్టి కేసు గెలిచినట్టే లెక్క అంటాడు బావ.

ఇక ఆ మంగళవారం సంగతి.

ఆ భవనంలో వాళ్ళందరికీ ఫోన్లో "మన మెట్లు" అని ఒక గ్రూపుంది. అందులో వార్తా ప్రసార శాఖ మొత్తం జిరాక్సు షాపు పక్కనున్న టైలరమ్మది. పొద్దున్నే మిషన్ ముందు కూర్చునేలోపు ఆవిడ మూడు వార్తలైనా పంచిపెట్టాలి. ఆ రోజూ మూడే పెట్టింది. తప్పిపోయిన గాడిదొకటి ఒక ఆఫీసులో పదిహేను రోజులు హాజరు వేయించుకుందన్నది మొదటిది. పెంపుడు పిల్లికి వరుడు నచ్చకపోవడంతో ఒక సినిమా తార పెళ్ళి మానుకుందన్నది రెండోది. మూడోది ఒక ఫొటో. దాని కింద, "నవ్వు మూగబోయింది. ఆయన ఇక లేరు" అని ఉంది.

ఫొటోలో ఉన్నది మూడో అంతస్తు టైపు మాస్టారు!

మెలి తిప్పిన మీసం, గళ్ళ కోటు, నెత్తిన టోపీ. అయినా ఆయనే. ముప్ఫయ్యేళ్ళు టైపు నేర్పి, ఇప్పుడు ఒంటరిగా ఉంటున్న మనిషి. క్షణాల్లో దండం పెట్టే చేతుల బొమ్మలు నలభై మూడు వచ్చి పడ్డాయి. ఏడుపు ముఖాలకి లెక్కలేదు. మా అమ్మాయికి ఉద్యోగం రావడానికి ఆయన నేర్పిన టైపే కారణం అని ఒకరు రాశారు. లిఫ్టు పాడైన రోజు నన్ను చెయ్యి పట్టుకుని పైదాకా ఎక్కించారని ఇంకొకరు రాశారు. నాలుగో అంతస్తు డ్రాయింగు మాస్టారు గాడిద వార్త చదువుతూ ఉన్నట్టున్నాడు, టైపు మాస్టారి ఫొటో కింద "శుభాకాంక్షలు! ఇలాగే మరిన్ని విజయాలు సాధించాలి" అని పెట్టాడు. పిల్లిగల తారకి మాత్రం ఆత్మశాంతి కోరుతూ తొమ్మిది సందేశాలు వచ్చాయి.

బామ్మర్ది వచ్చేసరికి పదకొండయింది. అప్పటికే ఆ ఫొటో "మన మెట్లు" దిగి ఊరంతా తిరిగొచ్చింది. తిరిగిన చోటల్లా కాస్త బరువెక్కింది. పదింటికి గుండెపోటు. పదిన్నరకి మెట్ల మీంచి జారిపడ్డం. పదకొండింటికి బామ్మర్ది ఫోన్ మోగింది. అవతల సూపర్‌వైజరు.

"ఏమయ్యా, నీ లిఫ్టు తెగి మనిషి పోయాడటగా!"

బామ్మర్ది గబగబా లిఫ్టు తలుపు లాగి లోపలికి తొంగిచూశాడు. "లేదు సార్! ఇప్పుడు నేను ఆ లిఫ్టు ముందే ఉన్నాను. నిక్షేపంగా ఉంది."

"లిఫ్టు సంగతి కాదు, మనిషి సంగతి చెప్పు. పన్నెండింటిలోగా నిజం తేల్చి చెప్పకపోతే నువ్వు రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు."

బామ్మర్ది బావ ఫోన్లో ఆ ఫొటో చూసి, మాస్టారి నంబరుకి చేశాడు. స్విచాఫ్. టైలరమ్మకి చేశాడు. మూసి ఉన్న టైలరు షాపు లోపల్నుంచి రింగు వినబడింది. యూనిఫారాలు అప్పజెప్పడానికి బడికి వెళ్ళిందనీ, ఫోన్ సొరుగులో మర్చిపోయిందనీ పక్క దుకాణం వాళ్ళు చెప్పారు.

"బావా, బడికెళ్ళి టైలరమ్మనే అడిగితే పోలా?"

"చూశావా! సామాన్యుల బలహీనతే ఇది. ఎదురుగా ఉన్న తలుపే కొడతారు. డేగకన్ను కిటికీలోంచి వస్తాడు!" అంటూ బావ ఆ ఫొటోని జిరాక్సు మిషన్ మీద పెద్దది చేసి తీశాడు. కాగితం నిండా ఒక్క మీసమే వచ్చింది. "ఈ మూల ఈ మరక చూడు. రక్తం!"

"అది నీ మిషన్ అద్దం మీది మరక బావా. నా పెళ్ళి శుభలేఖ కాపీల్లో కూడా వచ్చింది."

"అయితే హంతకుడు నీ పెళ్ళికి కూడా వచ్చాడన్నమాట!"

అంతలో బావ లోపలికెళ్ళి, గోధుమరంగు గడ్డం ఒకటి తగిలించుకుని వచ్చాడు. వెనకాలే అక్క పరుగెత్తుకొచ్చింది.

"ఏవండీ! అది మన సోఫా దిండులో పీచు కాదూ? మళ్ళీ విప్పేశారా?"

"మారువేషంలో ఉన్నవాణ్ణి 'ఏవండీ' అనకు. రహస్యం బయటపడుతుంది."

"మీ కడుపూ మీ నడకా చూసి నాకెప్పుడో బయటపడింది. ఒరేయ్ తమ్ముడూ, నీ ఉద్యోగం నువ్వు చూసుకోరా, ఈయన్ని నమ్ముకోకు."

కానీ తమ్ముడికి మరో దారి లేదు. ఇద్దరూ లిఫ్టెక్కి మూడో అంతస్తుకి వెళ్ళారు.

మాస్టారి తలుపుకి తాళం. ఆ తలుపు ముందు, నేల మీద, గోడకి ఆనుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. చొక్కా బొత్తాలు ఒక కాజా అటూ ఇటూగా పెట్టుకున్నాడు. ఒక కాలికి నల్ల సాక్సు, ఇంకో కాలికి బూడిదరంగుది. ఫోన్ పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

బావ బామ్మర్ది డొక్కలో మోచేత్తో పొడిచాడు. "నేరస్థుడు నేరం జరిగిన చోటికి తిరిగి రాక మానడు! కదలకు! ఎవర్నువ్వు?"

"మాస్టారి తమ్ముణ్ణండీ."

"అబద్ధం! నాకు తమ్ముడు లేడని మాస్టారే స్వయంగా నాతో అన్నారు."

ఆయన ఏడుపు ఠక్కున ఆగిపోయింది. తలెత్తి చూశాడు. "అలా అన్నాడా అన్నయ్య?"

ఆ అడగడంలో ఏముందో గాని, బామ్మర్ది ఆయన పక్కనే చతికిలబడ్డాడు. "అసలేమయిందండీ మీ ఇద్దరికీ?"

"ఏమీ లేదు బాబూ. అన్నయ్య రిటైరైన రోజు దిగిన ఫొటో మా ఇంటివాళ్ళ గ్రూపులో పెట్టాడు. ఎంత ముచ్చటగా ఉన్నాడో! దండం బొమ్మ పెట్టబోతే నా వేలు జారి పగలబడి నవ్వే బొమ్మ పడింది. తియ్యడం నాకు రాలేదు. అన్నయ్యకి పట్టుదలెక్కువ, నాకు సిగ్గెక్కువ. నాలుగేళ్ళుగా మాటల్లేవు. ఇవాళ పక్కింటివాళ్ళ ఫోన్లో ఈ ఫొటో చూశాను. చేతికందింది తొడుక్కుని బస్సెక్కి..."

"విన్నావా! నేరాంగీకారం!" బావ ఆయన రెక్క పట్టుకుని లేపాడు. "చనిపోయినాయన్ని చూసి నవ్వావు. కారణం దొరికింది. కన్నీళ్ళు దొరికాయి. ఇక శవం ఒక్కటే దొరకాలి. నడు పోలీస్ స్టేషన్‌కి!"

"బావా, ఆయన నవ్వింది నాలుగేళ్ళ కిందట!"

"ముందుగానే వేసుకున్న పథకం!"

వింటేగా! ముగ్గురూ లిఫ్టులో దూరారు. బావ ఒక చేత్తో ముద్దాయిని పట్టుకుని, రెండో చేత్తో జల్లెడ తలుపు టపామని లాగాడు. తలుపుతో పాటు గడ్డం కూడా వెళ్ళి ఇరుక్కుంది. లిఫ్టు అర అంతస్తు దిగిందో లేదో, "అబ్బా!" అని బావ గడ్డాన్ని గుంజాడు. తలుపు వేలెడంత తెరుచుకుంది. తలుపు తెరుచుకుంటే ఆగిపోవడం ఆ లిఫ్టు స్వభావం. ఆగిపోయింది.

బామ్మర్ది తల పట్టుకున్నాడు. పనిముట్ల సంచీ డాబా మీద మోటారు గదిలో ఉంది. వాళ్ళేమో రెండుకీ మూడుకీ మధ్య వేలాడుతున్నారు. బావ గడ్డం పీచు తలుపు సందులో బిగుసుకుపోయి ఎటూ రానంటోంది. మూడో అంతస్తు నేల సరిగ్గా వాళ్ళ కళ్ళ ముందుంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"పన్నెండయింది. లిఫ్టు ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది సార్. ఇప్పుడు అందులోనే ఉన్నాను."

"కదులుతోందా?"

"కదలకుండా ఉంది సార్. చాలా గట్టిగా ఉంది."

సూపర్‌వైజరు ఇంకేదో అనేలోపు మెట్ల మీద అడుగుల చప్పుడయింది. ఎవరో మూడో అంతస్తుకి ఎక్కి, లిఫ్టు ఆగి ఉండడం చూసి దగ్గరికొచ్చి నిలబడ్డారు. లోపలున్నవాళ్ళకి కనబడుతున్నవి రెండు తోలు చెప్పులు, వాటిలో రెండు పాదాలు, రెండు ప్యాంటు కాళ్ళు. అంతే.

బావ ముఖం వెలిగిపోయింది. "హతుడి చెప్పులు! ఎడమ చెప్పు బొటనవేలి పట్టీ తెల్లదారంతో కుట్టి ఉంటుంది, నాకు గుర్తే. చంపినవాడే వీటిని తొడుక్కున్నాడు!" అంటూ జల్లెడలోంచి చెయ్యి పోనిచ్చి ఆ చీలమండని పట్టి గుంజాడు.

పైనున్న మనిషి "ఊఁ!" అని ధభీమని కూలబడ్డాడు. కూలబడేసరికి ముఖం కిందికి దిగొచ్చింది. ఒక బుగ్గ బొబ్బట్టంత పొంగి ఉంది. నోట్లో దూది. కళ్ళల్లో కోపం.

టైపు మాస్టారు!

"దయ్యం!" అన్నాడు డేగకన్ను, పట్టిన కాలు వదలకుండానే బామ్మర్ది వెనక దాక్కుంటూ. గడ్డం మాత్రం తలుపు దగ్గరే ఉండిపోయింది.

"అన్నయ్యా!" అన్నాడు తమ్ముడు. జల్లెడ పట్టుకుని ఊపేశాడు. "అన్నయ్యా, ఉన్నావా! అన్నయ్యా!"

మాస్టారు నోరు తెరవబోయి మూసుకున్నారు. దూది చూపించారు. జేబులోంచి ఫోన్ తీసి, పొద్దుట్నుంచి ఆపేసి ఉన్నదాన్ని వెలిగించి, రెండు బొటనవేళ్ళతో టకటకా కొట్టారు. మరుక్షణం "మన మెట్లు"లో సందేశం మోగింది.

"నేను బతికే ఉన్నాను. రెండు పళ్ళు తీయించుకుని వచ్చాను. దయచేసి నా కాలు వదలగలరు."

"ఒక్క తప్పు కూడా లేదు. ఈయన మాస్టారే!" అని బావ ధ్రువీకరించాడు.

బామ్మర్ది మాత్రం ఇంకేమీ ఆలోచించలేదు. కిందనుంచే మాస్టారి ఉబ్బిన బుగ్గని ఫొటో తీసి సూపర్‌వైజరుకి పంపాడు. వెంటనే బదులొచ్చింది. "బుగ్గ వాపు లిఫ్టు వల్ల కాదుగా?"

భవనం భవనమంతా మెట్ల మీదికొచ్చేసింది. టైలరమ్మ కూడా వచ్చింది, మెడలో టేపు, చేతిలో అప్పుడే సొరుగులోంచి తీసిన ఫోను. గోలంతా విని నెత్తి కొట్టుకుంది.

"అయ్యయ్యో! నేను పెట్టబోయింది ఆ పాత సినిమాల్లో హాస్యనటుణ్ణండీ, నిన్న రాత్రి పోయాడుగా! కిందటేడు మన నాటకంలో మాస్టారు ఆయన వేషమే వేశారు. నేనే ఫొటో తీశాను. రెండూ పక్కపక్కనే ఉంటే, కళ్ళజోడు పెట్టుకోకుండా నొక్కేశాను." ఆ నటుడి ఫొటో వెతికి చూపిస్తూ అంది, "పాపం, నిజంగా పోయినాయన కోసం ఇవాళ ఈ మెట్ల మీద ఒక్కరూ ఏడవలేదు."

అక్క డాబా మీంచి పనిముట్ల సంచీ తెచ్చిచ్చింది. బామ్మర్ది జల్లెడ తలుపు విప్పి, పైకి పాకి, లిఫ్టుని మూడో అంతస్తుకి తెచ్చాడు. బావ బయటికి రాగానే ఛాతీ విరిచాడు. "హతుణ్ణి ప్రాణాలతో పట్టుకున్న పరిశోధకుడు ఇంతవరకు పుట్టలేదు. కేసు ముగిసింది!"

"మీరు గుంజకపోయినా ఆయన తలుపు తీసుకుని లోపలికెళ్ళేవారే కదండీ," అంది అక్క.

"కానీ ఇంత త్వరగా కూర్చునేవారు కాదు."

మాస్టారు తన గుమ్మంలో కుర్చీ వేసుకుని ఒక్కొక్క సంతాపమూ చదవసాగారు. చదివి ఊరుకుంటే ఆయన టైపు మాస్టారెలా అవుతారు? "శ్రద్దాంజలి కాదు, శ్రద్ధాంజలి." "తీరని లోఠు కాదు, లోటు." డ్రాయింగు మాస్టారికి "ధన్యవాదాలు, మరిన్ని విజయాలకు ప్రయత్నిస్తాను" అని పంపారు. మెట్ల మీద ఒకటే నవ్వులు. తమ్ముడు మాత్రం కాస్త దూరంగా, వెళ్ళాలో ఉండాలో తెలియనట్టు, చొక్కా బొత్తాలు సరిచేసుకుంటూ నిలబడ్డాడు.

పనిముట్లు సర్దుకుంటున్న బామ్మర్ది కళ్ళు అనుకోకుండా మాస్టారి ఫోన్ మీద పడ్డాయి. పొద్దున బస్సులోంచి తమ్ముడు పంపిన సందేశం అది. గ్రూపుకి కాదు, ఆగిపోయి ఉన్న ఆ నంబరుకే.

"అనయ్యా నెను వస్తునాను నువు వెల్లిపోకు"

మాస్టారి బొటనవేలు అలవాటుగా లేచింది. అక్కడే ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత నెమ్మదిగా ఏదో కొట్టారు. దూరంగా ఉన్న తమ్ముడి జేబులో ఫోన్ కిర్రుమంది. తీసి చూసుకున్నాడు.

"ఎక్కడికీ వెళ్ళలేదు. తిన్నావా?"

తమ్ముడు లేదన్నట్టు తలూపాడు. తనకి నాలుగు రోజుల దాకా గంజి తప్ప ఏమీ దిగదని తెలిసి కూడా, మాస్టారు కుర్చీలోంచి లేచి, బుగ్గ పట్టుకుని, పొయ్యి వెలిగించడానికి లోపలికెళ్ళారు. తమ్ముడు వెనకాలే వెళ్ళాడు.

"ఆగండి! ఇద్దరి వాంగ్మూలాలూ ఇంకా..." అంటూ బావ గడప దాటబోయాడు. బామ్మర్ది ఆయన్ని చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.